నిడివిలో వాటా: విస్తృత ప్రతుల ఆకర్షణ – జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంత కథన చరిత్ర

వ్యాససంగ్రహం:

అద్భుత కథాచిత్రాల విస్తృత ప్రతులు ఇంటి వీడియోగా వెలువడినప్పుడు వాటిని అందరికంటే ఎక్కువగా ఆదరించేది కథ ముందే తెలిసిన ప్రేక్షకులు. తెలిసిన కథను మరింత పొడవుగా చూడటంలో ఆనందం ఎక్కడుంది? పూర్వపు కరీంనగర్ జిల్లాలోని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతపు కథన చరిత్రలో ఈ ప్రశ్నకు సమాధానం వెదకడం ఈ వ్యాస లక్ష్యం. కూనపులివారి పటం కథ, ఒగ్గుకథ, జానపద చలనచిత్రం, గల్ఫ్ వలసలతో వచ్చిన వీడియో, 'బాహుబలి' భిన్న ప్రతులు ఇందులో పరిశీలనాంశాలు. కథ నిడివి పెరిగినచోట ప్రేక్షకుడికి అందులో తన వాటా దొరుకుతుందని, ఆ వాటాయే ఆనందానికి మూలమని, అటువంటి నిడివి స్థానిక కథారూపాలకు దక్కకపోవడం పరిశోధకులు పట్టించుకోవలసిన నష్టమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: విస్తృత ప్రతి, అద్భుత కథాచిత్రం, పటం కథ, ఒగ్గుకథ, ఇంటి వీడియో, గల్ఫ్ వలస, శ్రోత.

1. ప్రవేశిక:

జె.ఆర్.ఆర్. టోల్కీన్ నవల ఆధారంగా పీటర్ జాక్సన్ తీసిన 'ది లార్డ్ ఆఫ్ ద రింగ్స్' చిత్రత్రయంలో మొదటి భాగం 2001 డిసెంబరులో 178 నిమిషాల నిడివితో థియేటర్లలో విడుదలైంది. 2002 నవంబరులో అదే చిత్రం మరో అరగంట కథాభాగంతో నాలుగు డి.వి.డి.ల పెట్టెగా వచ్చింది. సినిమాకే రెండు డిస్కులు పట్టాయి. మిగిలిన రెండింటిలో నిర్మాణ విశేషాలు చేరాయి. తరువాతి రెండు భాగాలకూ ఇదే పద్ధతి కొనసాగింది. ఈ పెట్టెలను ఉద్దేశించింది ప్రధానంగా సినిమాను అప్పటికే చూసినవారిని. వారిలో నవలను చదివినవారూ అనేకులు. వారికి ముగింపు తెలుసు, ఎవరు మరణిస్తారో తెలుసు. ఉత్కంఠకు తావు లేని చోట మరో అరగంట ఎందుకు ఆనందమిచ్చిందన్నది ఆలోచించవలసిన విషయం.

కొత్తగా చేరిన దృశ్యాలను గమనిస్తే కొంత స్పష్టత వస్తుంది. మొదటి భాగంలో గలాడ్రియెల్ రాణి ప్రయాణికులకు వీడ్కోలు కానుకలిచ్చే సన్నివేశం విస్తృత ప్రతిలో పెరిగింది. మూడవ భాగం థియేటర్ ప్రతిలో తొలగించిన సారుమాన్ మరణ సన్నివేశం విస్తృత ప్రతిలో తిరిగి చేరింది. ఇవి కథాగమనాన్ని మార్చవు. ఒక్కో పాత్రకు దక్కవలసినది దక్కేలా చేస్తాయి. సినిమా ముగిశాక అభిమాన సంఘ సభ్యుల పేర్లు చాలా నిమిషాలపాటు తెర మీద సాగుతాయి. సాధారణ ప్రేక్షకుడు లేచి వెళ్లిపోయే ఆ చోటే ఒక అభిమాని తన పేరు కోసం వేచి ఉంటాడు.

పాత్రకు దక్కవలసిన కానుక, ప్రేక్షకుడి పేరు – ఈ రెండూ విస్తృత ప్రతిలోనే చోటు సంపాదించుకోవడం యాదృచ్ఛికం కాదు. డి.వి.డి. కంటే ఎంతో ముందునుంచి ఈ సంబంధాన్ని ఎరిగిన ప్రాంతాలలో ఉత్తర తెలంగాణ ఒకటి.

2. తెలిసిన కథనే వినడం:

తెలుగు సాహిత్య చరిత్రలో కథను పెంచి చెప్పడం లోపంగా పరిగణన పొందలేదు. మారన మార్కండేయ పురాణంలో కొద్ది పద్యాల్లో నడిచిన కథను అల్లసాని పెద్దన ఆరు ఆశ్వాసాల 'మనుచరిత్ర'గా పెంచాడు. ప్రబంధానికి విధించిన అష్టాదశ వర్ణనలు కథను ముందుకు నడిపించేవి కావు, పాఠకుణ్ణి కథలో నిలిపి ఉంచేవి. మధిర సుబ్బన్న దీక్షితులు 12 భాగాలుగా రచించిన 'కాశీమజిలీ కథలు'లో నిడివి ఒక షరతు రూపం దాల్చింది. మజిలీ మజిలీకి ఒక కథ చెబితేనే కాశీకి తోడు వస్తానని గోపబాలుడు మణిసిద్ధుణ్ణి ఒప్పిస్తాడు. ఇక్కడ కథ పొడవును నిర్ణయించింది వినేవాడు.

నిజాం రాష్ట్రంలోని ఈ ప్రాంతానికి ఉర్దూ సంప్రదాయమూ పరాయిది కాదు. ఉర్దూ దాస్తాన్‌లో కథను ఒకచోట ఆపి ఎంతసేపు నిలపగలడన్నది కథకుడి సామర్థ్యానికి కొలమానం. లక్నోలోని నవల్ కిశోర్ ప్రెస్ అమీర్ హంజా దాస్తాన్‌ను 46 సంపుటాలుగా అచ్చువేసింది. ఆ కథ ముగింపు తెలుసుకోవడం కోసమే ఎవరూ 46 సంపుటాలు చదవరు. మాయలు, తిలిస్మాలు నిండిన ఆ లోకంలో కొంతకాలం ఉండటానికి చదువుతారు.

ఈ ఉదాహరణల నుంచి ఒక భేదాన్ని గుర్తించవచ్చు. కథను తెలుసుకోవడం ఒకసారి జరిగే పని, కథను వినడం ఎన్నిసార్లైనా జరిగే పని. విస్తృత ప్రతి ఈ రెండవ పనికి సంబంధించినది.

3. సిరిసిల్ల: పటం మీది కథ:

సిరిసిల్ల నేత పట్టణం. చేమగ్గాల స్థానంలో స్థానికులు 'సాంచాలు' అని పిలిచే మరమగ్గాలు వచ్చినా, పద్మశాలీలు ఇక్కడి నేతపనివారిలో ప్రధాన సమూహంగా కొనసాగుతున్నారు. వీరి కులపురాణాన్ని చెప్పే హక్కు కూనపులివారిది. నకాషీ చిత్రకారులు గుడ్డ మీద వేసిన పొడవాటి పటాన్ని పైనుంచి కిందికి విప్పుతూ, ఒక్కో వరుసలోని బొమ్మలను చూపుతూ వీరు కథ చెబుతారు. ఈ పటాలకు ప్రసిద్ధి చెందిన చేర్యాల చిత్రకళకు 2007లో భౌగోళిక గుర్తింపు లభించింది.

మార్కండేయుడి వంశంలో పుట్టిన భావనారుషి తామరతూడు నూలుతో దేవతలకు వస్త్రం నేయడం, సూర్యుడి కూతురు భద్రావతిని వివాహమాడటం, పులిని వాహనంగా చేసుకోవడం, రాక్షసుణ్ణి సంహరించడం ఈ కథలోని ముఖ్య ఘట్టాలు. అద్భుత కథాచిత్రానికి కావలసిన సామగ్రి అంతా ఇందులో ఉంది. అయితే దీనిని వినే పద్మశాలీకి ఇది ఎవరి కథో కాదు. కులంలోని 101 గోత్రాలను భావనారుషి 101 మంది కుమారులతో ముడిపెట్టడం వల్ల, ప్రతి శ్రోత గోత్రానికీ కథలో ఒక మూలం ఉంటుంది.

పటంలోని బొమ్మల సంఖ్య మారదు. మారేది ఒక్కో బొమ్మ దగ్గర కథకుడు ఆగే సమయం. కథ ఒక్క రాత్రిలో ముగియాలా, కొన్ని రాత్రులు సాగాలా అన్నది చెప్పించుకునే కులస్థుల శక్తిని బట్టి, ఆసక్తిని బట్టి ఉంటుంది. కుదించి చెప్పినప్పుడు కథకుడు సంహార ఘట్టాన్ని వదలడు, ఎందుకంటే అది లేకుండా కథ నిలవదు. వంశాల విస్తరణ వంటి భాగాలు కుదింపులో ముందుగా పలుచబడతాయి. శ్రోతకు తన వాటా ఉన్నది సరిగ్గా అక్కడే. కాబట్టి కథ పొట్టిదైతే నాయకుడు మిగులుతాడు, పొడవైతే వినేవాడు కూడా చేరతాడు.

గౌడులకు గౌడజెట్టివారు, ముదిరాజులకు కాకిపడగలవారు, మాదిగలకు డక్కలివారు చెప్పే కథల్లోనూ ఇదే నిర్మాణం కనిపిస్తుంది. జాంబపురాణం సృష్ట్యాదినుంచి మొదలవుతుంది. ప్రసిద్ధ పురాణాలు తమకివ్వని స్థానాన్ని ఒక సమూహం కథను వెనక్కి పొడిగించి తానే కల్పించుకుంది. పొడిగింపు ఇక్కడ అలంకారం కాదు, గౌరవానికి సంబంధించిన విషయం.

4. హన్మాజీపేట: ఒకే ఊరు, రెండు నిడివులు:

నేటి రాజన్న సిరిసిల్ల జిల్లాలో వేములవాడకు సమీపంలోని హన్మాజీపేట ఇద్దరు ప్రసిద్ధులకు జన్మస్థలం. ఒకరు ఒగ్గుకథకుడు మిద్దె రాములు, మరొకరు జ్ఞానపీఠ పురస్కార గ్రహీత సి. నారాయణరెడ్డి. ఒకే ఊరి నుంచి బయలుదేరిన ఈ రెండు దారులు కథ నిడివి గురించి రెండు వేర్వేరు విషయాలు చెబుతాయి.

ఒగ్గుకథలో ప్రధాన కథకుడు, వంతపాడేవారు, డోలు, తాళం కలిసి మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలను నడిపిస్తారు. బీరప్ప కథ కొలుపు సందర్భంలో రోజుల తరబడి సాగగలదు. కథ మధ్యలో ఎవరైనా కానుక ఇస్తే కథకుడు ఆపి, ఇచ్చినవారి పేరు, ఊరు, ఇచ్చినది ప్రకటించి దీవిస్తాడు. ఆ దీవెన కథకు అంతరాయం కాదు, ఆ రాత్రి కథలో అదీ ఒక భాగం. దేవత పేరు పలికిన గొంతే తమ ఇంటివారి పేరూ పలకడం వినేవారికి దక్కే గౌరవం. ఎల్లమ్మ కథకు పేరుపొందిన మిద్దె రాములు 1990లో మారిషస్‌లో జరిగిన ప్రపంచ తెలుగు మహాసభల్లో ఒగ్గుకథ ప్రదర్శించారు. ఆయన 2010లో మరణించారు.

1931లో జన్మించిన నారాయణరెడ్డి బాల్యంలో ఇటువంటి జానపద కథారూపాలను వింటూ పెరిగారు. సిరిసిల్లలో, కరీంనగర్‌లో ఉర్దూ మాధ్యమంలో చదువుకున్నారు. 1962లో విడుదలైన 'గులేబకావళి కథ'కు పాటలన్నీ రాయడంతో ఆయన సినీ ప్రస్థానం మొదలైంది. పర్షియన్, ఉర్దూ కథాసంప్రదాయాల నుంచి తెలుగులోకి వచ్చిన ఆ అద్భుతకథ సినిమాగా మారినప్పుడు దాని నిడివి స్థిరపడింది. పాట ఎంత బాగున్నా హాలులో రెండవసారి పాడించుకునే వీలు లేదు. ఒగ్గుకథలో శ్రోతకున్న ఈ అధికారం సినిమాహాలులో పోయింది.

5. హాలు గడియారం:

అయినప్పటికీ తెలుగు జానపద, పౌరాణిక చిత్రాలు పాత కథనపు నిడివిని వీలైనంత నిలుపుకున్నాయి. కె.వి. రెడ్డి దర్శకత్వంలో విజయా సంస్థ నిర్మించిన 'పాతాళభైరవి' (1951), 'మాయాబజార్' (1957) రెండూ మూడు గంటలు దాటినవే. మొదటిదానికి కాశీమజిలీ కథలు ఆధారం. రెండవదానికి ఆధారమైన శశిరేఖా పరిణయం వ్యాసభారతంలో లేదు. నాటక సమాజాల ప్రదర్శనల ద్వారా అప్పటికే ప్రచారంలో ఉన్న కల్పన అది. ఒక విధంగా 'మాయాబజార్' భారతానికి తెలుగువారు చేర్చిన విస్తృత భాగం. పాండవులు తెర మీద కనిపించకుండా పాండవుల బంధువుల ఇంటి పెళ్లిని మూడు గంటలు చూపడం కుదింపు దృష్టికి సాధ్యం కాదు.

రోజుకు ఇన్ని ఆటలు వేయాలన్న లెక్క మాత్రం హాలులో కథకు హద్దు గీసింది. అందువల్ల ప్రేక్షకుడు తన వంతు నిడివిని మళ్లీ మళ్లీ చూడటం ద్వారా సంపాదించుకున్నాడు. ఒకే సినిమాను అనేకసార్లు చూడటం, మాటలను కంఠస్థం చేయడం, గ్రామఫోను రికార్డుల మీద సంభాషణలను వినడం ఆ కాలపు విస్తృత ప్రతులు.

6. జగిత్యాల, కోరుట్ల: గల్ఫ్ దారిలో వచ్చిన వీడియో:

'దుబాయి, బొంబాయి, బొగ్గుబాయి' అన్న మాట ఉత్తర తెలంగాణ బతుకుదెరువును మూడు పదాల్లో చెబుతుంది. 1970ల నుంచి జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు వలస పెరిగింది. తిరిగి వచ్చినవారి సామానులో టేప్‌రికార్డర్లు, తరువాత వి.సి.ఆర్.లు చేరాయి. హాలు గడియారం నుంచి కథకు మొదటి విడుదల ఈ యంత్రాల వల్ల కలిగింది. క్యాసెట్‌ను వెనక్కి తిప్పి నచ్చిన ఘట్టాన్ని మళ్లీ చూడటమంటే, పటం కథకుణ్ణి ఒక బొమ్మ దగ్గర మరికొంతసేపు ఆగమనడం వంటిదే. నిడివిపై అధికారం ఇంటికి తిరిగి వచ్చింది.

ఈ ప్రాంతపు ఇంటి వీడియో చరిత్రలో సినిమాలతో సమానంగా చూడవలసినది పెళ్లి క్యాసెట్. గల్ఫ్‌లో ఉండి చెల్లెలి పెళ్లికి రాలేకపోయిన అన్నకు అందే క్యాసెట్ పొట్టిగా ఉంటే ప్రయోజనం లేదు. తలంబ్రాలు ఒక నిమిషం చాలు. ఎవరెవరు వచ్చారు, ఎవరు ఏ కట్నం చదివించారు, విందులో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారు అన్నవి గంటలకొద్దీ కావాలి. బయటివారికి విసుగు పుట్టించే భాగమే ఇంటివారికి విలువైన భాగం. చదివింపుల జాబితా, ఒగ్గుకథలోని దీవెన, హాలీవుడ్ డి.వి.డి. చివర సాగే అభిమానుల పేర్లు ఒకే అవసరానికి మూడు రూపాలు.

ఇదే కాలంలో టెలివిజన్‌లోనూ ఒక ముఖ్య ఘటన జరిగింది. 1987లో దూరదర్శన్‌లో ప్రారంభమైన రామానంద్ సాగర్ 'రామాయణ్' ముందు అనుకున్న 52 భాగాల నుంచి 78కి పెరిగింది. పట్టాభిషేకంతో అది ముగిసినప్పుడు, వాల్మీకి ఆశ్రమం, లవకుశుల కథ కూడా చూపాలని 1988లో జలంధర్‌తో పాటు ఉత్తరాది నగరాల్లో పారిశుద్ధ్య కార్మికులు సమ్మె చేశారు. వాల్మీకిని తమ కులమూలంగా భావించే సమూహం అది. అనంతరం ఉత్తర రామాయణం ధారావాహికగా వచ్చింది. తమ పూర్వీకుడున్న భాగమే తెగిపోయిన భాగమని వారు గుర్తించారు. కూనపులివారి పటం ముందు కూర్చున్న నేతపనివారికి ఈ కోరిక కొత్తగా అనిపించదు.

7. బాహుబలి: ఒక కథ, పలు నిడివులు:

ఎస్.ఎస్. రాజమౌళి 'బాహుబలి' తొలిభాగం 2015 జూలై 10న, రెండవభాగం 2017 ఏప్రిల్ 28న విడుదలయ్యాయి. జపాన్‌లో రెండవభాగం మొదట 141 నిమిషాల అంతర్జాతీయ ప్రతిగా ప్రదర్శితమైంది. ప్రేక్షకులు కేకలు వేస్తూ చూసే ప్రత్యేక ప్రదర్శనలు జరిగేంతగా అది ఆదరణ పొందింది. అక్కడి అభిమానుల ఆసక్తి ఫలితంగా 167 నిమిషాల ప్రతి 'సంపూర్ణ ప్రతి' అన్న పేరుతో 2018 జూన్‌లో విడుదలైంది. టోక్యో అభిమానికి అపురూపంగా దొరికిన ఆ ప్రతి కోరుట్ల ప్రేక్షకుడు మొదటి రోజే చూసిన మామూలు సినిమా. 'విస్తృత ప్రతి' అన్నది ఒక స్థిరమైన వస్తువు పేరు కాదని, అంతకుముందు ఎవరు ఎక్కడ కత్తిరించారన్న దాన్ని బట్టి ఏర్పడే భావన అని ఈ ఉదాహరణ నిరూపిస్తుంది.

2025 అక్టోబరు 31న విడుదలైన 'బాహుబలి: ది ఎపిక్' దీనికి వ్యతిరేక దిశలో నడిచింది. రెండు భాగాలను కలిపి దాదాపు మూడు గంటల నలభై ఐదు నిమిషాలకు తెచ్చిన ఈ ప్రతి ఒక ప్రదర్శనగా చాలా పొడవైనది, ఒక కథగా మునుపటి కంటే పొట్టిది. కొన్ని పాటలు, సన్నివేశాలు ఇందులో లేవు. ప్రేక్షకులు ఏమి తొలగించారో గుర్తించగలగడం, తొలగించినవాటిని తలచుకోవడం గమనార్హం. ఆ ప్రేక్షకుల మనస్సులో సంపూర్ణ ప్రతి అప్పటికే ఉంది. మాహిష్మతి కల్పిత రాజ్యమే అయినా, దాని పొడవు వెడల్పులు తమకు తెలుసునన్న అధికారం వారిది.

8. పొడిగినది, కుదించుకుపోయినది:

ఈ చరిత్రలో ఒక వైరుధ్యం ఉంది. నిడివిని తిరిగి ఇంటికి తెచ్చిన యంత్రాలు సినిమాను పొడిగించాయి, నిడివికి ఆలవాలమైన కథారూపాలను మాత్రం కుదించాయి. 60 నిమిషాల ఆడియో క్యాసెట్‌లో ఒక్కో పక్కకు అరగంట. రోజులు సాగే కథ ఆ కొలతకు సరిపోవాలి. సుమారు 74 నిమిషాలు పట్టే వి.సి.డి.లోనూ అంతే. ఆకాశవాణి ప్రసార సమయం, ప్రభుత్వ ఉత్సవ వేదిక మీద కేటాయించే కొద్ది నిమిషాలు కథను మరింత తగ్గించాయి. రికార్డింగ్ గదిలో కానుక ఇచ్చేవారుండరు కనుక దీవెనలు పోయాయి. ఎదురుగా ఒక కులమో కుటుంబమో లేదు కనుక వంశాల భాగం పలుచబడింది. మిగిలినది కథాంశం.

అయినా ఆ క్యాసెట్లు నిరుపయోగమైనవి కావు. జగిత్యాల, కోరుట్ల ప్రాంతాల్లో ఇంటి దగ్గర బీడీలు చుట్టే స్త్రీలు అనేకమంది. చేతులకు, కళ్లకు పని ఉన్నప్పుడు చెవులు ఖాళీగా ఉంటాయి. దీర్ఘమైన శ్రవ్యకథకు అంతకంటే సహజమైన శ్రోతలు దొరకరు. కథను ఇంటింటికీ చేర్చడంలో క్యాసెట్ గెలిచింది, కథలో ఇంటికున్న చోటును నిలపడంలో ఓడింది.

ఈ నష్టంలో పరిశోధనకూ భాగముంది. కులపురాణాలను, ఒగ్గుకథలను సేకరించి ముద్రించేటప్పుడు పునరుక్తులను, వంతమాటలను, ప్రకటనలను 'కథకు సంబంధం లేనివి'గా తీసివేయడం ఒక అలవాటుగా స్థిరపడింది. థియేటర్ ప్రతి కోసం సినిమా సంపాదకుడు చేసే పనిని జానపద పరిశోధకుడు గ్రంథం కోసం చేశాడు. సినిమాకు కత్తిరించిన ముక్కలు భద్రంగా ఉన్నాయి కనుక తరువాత విస్తృత ప్రతి సాధ్యమైంది. మౌఖిక కథకు అటువంటి భాండాగారం కథకుడి జ్ఞాపకమే. కథకుడు గతిస్తే తీసివేసిన ముక్కలను తిరిగి చేర్చే వీలు ఉండదు. మరమగ్గాల సంక్షోభం, వలసల వల్ల చెప్పించుకునేవారి శక్తి తగ్గిన చోట ఈ ప్రమాదం మరింత దగ్గరది.

9. ముగింపు:

ఈ పరిశీలన నుంచి మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, విస్తృత ప్రతి ఇచ్చే ఆనందం కథ గురించిన కొత్త సమాచారం మీద ఆధారపడదు. కథలోకంలో తనకు, తన ప్రియపాత్రకు, తన సమూహానికి దక్కవలసిన చోటు దొరకడం మీద ఆధారపడుతుంది. రెండవది, ఈ ఆనందం డి.వి.డి.తో పుట్టలేదు. కూనపులి పటం ముందు, ఒగ్గుకథ పందిట్లో, పెళ్లి క్యాసెట్‌లో అది వేర్వేరు రూపాల్లో ఉంది. మూడవది, 'అసలు ప్రతి', 'పెంచిన ప్రతి' అన్న విభజన మౌఖిక సంప్రదాయానికి వర్తించదు. ప్రతి నిడివీ ఒక సందర్భానికి సరైన ప్రతి.

కాబట్టి క్షేత్రపరిశోధకులు ఒక ప్రదర్శనను రికార్డు చేసేటప్పుడు మొదటి రాత్రి నుంచి చివరి రాత్రి దాకా, కానుకల ప్రకటనలతో, దీవెనలతో, ఆగిన చోట్లతో సహా నమోదు చేయడం అవసరం. గతంలో నిల్వచేసే సాధనం పరిమాణం కథను కత్తిరించింది. నేడు ఆ పరిమితి దాదాపు తొలగిపోయింది. మధ్యభూమి కథకు, మాహిష్మతి కథకు దక్కిన పూర్తి నిడివి భావనారుషి కథకు, బీరప్ప కథకు దక్కకపోవడానికి ఇప్పుడు సాంకేతిక కారణమేదీ లేదు. వాటిని పూర్తిగా చెప్పగలిగే కథకులు ఉన్నంతలోనే ఈ పని జరగాలి.